మాత్ర కంటే ముందు మాట

ఇంటిల్లిపాదీ చదువుకొనే మన పత్రికలో గర్భనిరోధక మాత్రల ప్రసక్తి ఏమిటని పెద్దలు కొందరు ముక్కు మీద వేలు వేసుకోవచ్చు. నేను డాక్టరును కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, బరంపురంలో ఒక కచేరీలో ఫైళ్లు చూచుకొనే గుమాస్తాను. అయినా ఈ సంగతి వ్రాయడానికి నాకొక కారణమున్నది. రెండు భాషలు వచ్చునన్న ధీమాతో నేను చేసిన ఒక చిన్న పొరపాటు మా వదినకు పెద్ద ముప్పు తెచ్చేదే. దైవవశాన తప్పిపోయినది. అటువంటిది మరొక ఇంట జరుగకూడదని నా కోరిక.

నాలుగేళ్ల క్రిందటి మాట. మా ఆవిడకు అక్కగారు, ఇచ్ఛాపురం వైపు పల్లెలో ఉంటుంది. ముగ్గురు పిల్లల తల్లి. అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్లు. ఇక సంతానం వద్దనుకొన్నది గాని, ఆపరేషనంటే భయం. పక్కింటి కోడలు రోజూ వేసుకొనే మాత్రల అట్ట ఒకటి ఆమె చేతిలో పెట్టి, "నాకేమీ చెయ్యలేదు, నువ్వూ వేసుకో పిన్నీ" అన్నదట. మా ఇంటికి వచ్చినప్పుడు వదిన ఆ అట్టను చెల్లెలికి చూపినది. మా ఆవిడ, "ఒకరి మందు మరొకరు వేసుకోవడమేమిటి, డాక్టరుకు చూపిద్దాం పద" అని పట్టుబట్టినది. అంతవరకు మా ఆవిడ చేసినది మంచి పని.

ఆసుపత్రిలో ఉన్న డాక్టరమ్మ ఒడిశా ఉత్తరపు జిల్లాల నుంచి క్రొత్తగా వచ్చిన మనిషి. తెలుగు రాదు. వదినకు ఒడియా రాదు. మా ఆవిడకు కూరలు బేరమాడేటంత ఒడియా వచ్చును గాని, ఆసుపత్రి మాటలు రావు. అందుచేత నేను తెర ఇవతల నిలబడి, అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పవలసి వచ్చినది. డాక్టరమ్మ ఓపికగా ఒక్కొక్క ప్రశ్నే అడిగినది. రక్తపు పోటు చూచినది, బాగానే ఉన్నది. తరువాత, "ధూమపానం చేస్తారా?" అని అడిగినది. నేను తెలుగులో, "సిగరెట్టు గాని బీడీ గాని తాగుతావా వదినా?" అన్నాను. వదిన నవ్వి, "ఆ మాట మగవాళ్లనడగండి మరిదిగారూ" అన్నది. నేను "లేదు" అని చెప్పాను. డాక్టరమ్మ "లేదు" అని వ్రాసుకొని, మాత్రలు ఇచ్చినది.

ఆసుపత్రి గేటు దాటగానే వదిన చెట్టు నీడన కూర్చొని, బొడ్డున దోపుకొన్న చుట్ట తీసి వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటి లోపలికి పెట్టుకొన్నది. అడ్డపొగ. శ్రీకాకుళం, విశాఖ తీరాన, మన గంజాం ప్రాంతాన ఆడవాళ్లలో తరతరాలుగా ఉన్న అలవాటే. పుట్టిన నాటి నుంచి చూస్తున్నదే. అయినా డాక్టరమ్మ ప్రశ్నకు, ఆ చుట్టకు సంబంధమున్నదని అప్పటిదాకా నాకు తట్టలేదు. వదిన అబద్ధమాడలేదు. ఆమె సిగరెట్టు తాగదు, బీడీ తాగదు. అడిగిన తీరులోనే తప్పున్నది, ఆ తప్పు నాది.

వెంటనే వెనక్కి వెళ్లాము. డాక్టరమ్మ విని, మాత్రలు తిరిగి తీసుకొని, "ముప్ఫై అయిదు దాటి పొగ తాగేవారికి ఈ మాత్ర ఇవ్వకూడదు. చుట్ట అయినా, నిప్పు లోపలికి పెట్టినా, పొగ పొగే" అన్నది. ఎందుకివ్వకూడదో అడిగితే విడమరచి చెప్పినది. ఆ తరువాత నేను చదివి తెలుసుకొన్నది కూడా కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

మాత్ర ఎలా పనిచేస్తుంది?

ఈ మాత్రలో రెండు హార్మోనులు ఉంటాయి: ఒకటి ఈస్ట్రోజెను జాతిది, రెండవది ప్రొజెస్టిరోను జాతిది. అందుకే దీనిని మిశ్రమ మాత్ర అంటారు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ లోను, తక్కువ ధరకు అమ్మించే మాలా-డి లోను ఎథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాము, లెవొనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాము ఉంటాయి.

స్త్రీ శరీరంలో ప్రతి నెలా జరిగే పని ఒక పెద్ద కచేరీ వ్యవహారం వంటిది. మెదడు అడుగున పీయూష గ్రంథి అని చిన్న గ్రంథి ఉన్నది. దానిని హెడ్డాఫీసు అనుకోండి. అది రక్తం ద్వారా అండాశయాలకు ఉత్తరువులు పంపుతుంది. మొదటి ఉత్తరువుతో అండం పక్వమవుతుంది. నెల మధ్యలో ఒక్కసారిగా వెల్లువలా వచ్చే రెండవ ఉత్తరువుతో ఆ అండం బయటికి విడుదల అవుతుంది. అండాశయాలు తాము తయారుచేసే హార్మోనుల ద్వారా పైకి జవాబు పంపుతూ ఉంటాయి.

రోజూ మాత్ర వేసుకొన్నప్పుడు రక్తంలో ఆ హార్మోనులు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటాయి. స్టాకు పుస్తకంలో సరుకు నిండుగా కనిపిస్తే హెడ్డాఫీసు క్రొత్త ఇండెంటు పాసు చేయదు గదా! అలాగే పీయూష గ్రంథి ఆ నెల ఉత్తరువులు పంపదు. నెల మధ్య వెల్లువ రాదు, అండం విడుదల కాదు. ఇది ముఖ్యమైన పని. దీనికి తోడు గర్భాశయ ద్వారం వద్ద ఉండే జిగురు చిక్కబడి, పురుష బీజాలను లోపలికి పోనివ్వదు. గర్భాశయపు లోపలి పొర కూడా పలుచబడుతుంది.

అట్టలో 28 మాత్రలు ఉంటాయి. అందులో 21 హార్మోను మాత్రలు. మిగిలిన 7 వేరే రంగువి, ఇనుము మాత్రలు. అవి వేసుకొనే రోజుల్లో హార్మోను ఆగుతుంది గనుక బహిష్టు వంటి రక్తస్రావం కనిపిస్తుంది. అది సాధారణంగా మునుపటి కంటే తక్కువగా ఉంటుంది. దానిని చూచి "చెడు రక్తం లోపలే నిలిచిపోతున్నది" అని ముసలమ్మలు భయపెట్టడం కద్దు. లోపల నిలిచేదేమీ లేదు. పొర పలుచనైనందున స్రావం తగ్గుతుంది, అంతే. రక్తహీనతతో బాధపడే మన స్త్రీలకు అది మేలే.

పెండలం దుంప నుంచి పుట్టిన మందు

ఈ మందు పుట్టుకలో కూడా మనకొక పాఠమున్నది. మెక్సికో దేశపు అడవుల్లో దొరికే ఒక పెండలం జాతి దుంప నుంచి ఇటువంటి హార్మోనులు చవుకగా చేయవచ్చునని రసెల్ మార్కర్ అనే అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు 1940 ప్రాంతాల కనిపెట్టాడు. 1951లో మెక్సికో నగరంలో కార్ల్ జెరాసీ బృందంలోని లూయిస్ మిరమాంటెస్ అనే యువకుడు, నోటి ద్వారా వేసుకొన్నా పనిచేసే నారెథిస్టెరోను తయారుచేశాడు. అమెరికాలో గ్రెగరీ పింకస్, మిన్ చూ చాంగ్, జాన్ రాక్ అనేవారు అటువంటి మందులనే మాత్రగా మలచే ప్రయత్నం చేశారు. మార్గరెట్ శాంగర్ ప్రోత్సాహము, కాథరిన్ మెకార్మిక్ ధనము వారికి తోడైనాయి. ఆ శాంగరమ్మే 1935 డిసెంబరులో వార్ధాకు వచ్చి గాంధీగారితో ఈ విషయమై వాదించినది.

1956లో పోర్టోరికో ద్వీపంలో పెద్ద పరీక్ష జరిపారు. మందు గర్భాన్ని ఆపినది నిజమే. కాని చాలామంది స్త్రీలు వికారము, తలత్రిప్పుట, తలనొప్పి చెప్పుకొన్నారు. అక్కడి డాక్టరు ఎడ్రిస్ రైస్-రే, మందు బాగా పనిచేస్తున్నది గాని దుష్ఫలితాలు ఎక్కువైనందున అందరికీ ఇవ్వదగినదిగా లేదని పైకి వ్రాసినది. ఆ మాటను పింకస్ తేలికగా తీసివేశాడు. ఇది ప్రయోగమని ఆ పేద స్త్రీలకు సరిగా చెప్పను కూడా లేదు. 1960లో అమెరికా ప్రభుత్వం "ఎనోవిడ్" అనే మాత్రకు గర్భనిరోధానికి అనుమతి ఇచ్చినది. అందులో ప్రొజెస్టిరోను జాతి మందు దాదాపు 10 మిల్లీగ్రాములు, ఈస్ట్రోజెను 0.15 మిల్లీగ్రాము. నేటి మాత్రతో పోల్చి చూడండి, ఎంత మోతాదో తెలుస్తుంది.

1961 నుంచి ఈ మాత్ర వాడేవారిలో రక్తపు గడ్డలు కట్టిన సంగతులు వైద్య పత్రికలకు ఎక్కసాగినాయి. 1970లో అమెరికా సెనేటు విచారణ జరిగినది. తమ శరీరానికి సంబంధించిన మాట తమను అడుగకుండా మాట్లాడుతున్నారేమని స్త్రీలే ఆ సభలో లేచి నిలదీశారు. ఆ ఏడే మాత్రల డబ్బీలో వాడేవారి కోసం హెచ్చరిక కాగితం ఉండాలని ఉత్తరువు అయినది. మోతాదులు కూడా క్రమంగా తగ్గినాయి. అనగా నేటి మాత్ర ఇంత భద్రంగా ఉండడానికి శాస్త్రజ్ఞుల తెలివి ఎంత కారణమో, "మాకిలా ఉన్నది" అని చెప్పుకొన్న స్త్రీల మాట అంత కారణము.

మన దేశం ఈ విషయంలో వెనుకబడినదేమీ కాదు. మైసూరు సంస్థాన ప్రభుత్వం 1930లోనే సంతాన నియంత్రణ కేంద్రాలు తెరిచినది. 1952లో దేశమంతటికీ కుటుంబ నియంత్రణ పథకం పెట్టిన మొదటి ప్రభుత్వం మనదే.

ఎవరు వాడకూడదు?

ఆరోగ్యంగా ఉన్న స్త్రీలలో అత్యధికులకు ఈ మాత్ర నిరపాయం. అయితే ఈస్ట్రోజెను రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంచెం పెంచుతుంది. పదివేల మంది స్త్రీలు మాత్ర వాడకపోతే ఏడాదిలో సుమారు ఇద్దరికి కాలి నరాలలోనో ఊపిరితిత్తులలోనో గడ్డ కట్టవచ్చు. లెవొనార్జెస్ట్రెల్ ఉన్న మాత్ర వాడితే అయిదు నుంచి ఏడుగురికి. డ్రోస్పిరినోన్, డెసోజెస్ట్రెల్ ఉన్న మాత్రలు వాడితే తొమ్మిది నుంచి పన్నెండుగురికి. గర్భిణిగా ఉన్నప్పుడు, ప్రసవమైన తొలి వారాల్లో ఈ ప్రమాదం ఇంతకంటే ఎక్కువ. కనుక అంకెలు చూచి బెదరనక్కరలేదు. ఎవరికి ఆ ప్రమాదం పెరుగుతుందో తెలుసుకొంటే చాలును.

ముప్ఫై అయిదేళ్లు దాటి పొగ తాగేవారు వాడరాదు. పొగ రక్తనాళాల లోపలి గోడను దెబ్బతీస్తుంది. దానికి ఈ మాత్ర తోడైతే గుండెపోటు, పక్షవాతం రావచ్చు. రక్తపు పోటు 140/90 గాని అంతకు మించి గాని ఉన్నవారు వాడరాదు. పోటు ఉన్నట్లు మనిషికి తెలియదు. అందుచేత చూపించుకోకుండా మాత్ర మొదలుపెట్టరాదు.

కళ్లముందు మిరుమిట్లు, వంకర టింకర వెలుగు గీతలు కనిపించి, ఆపైన పార్శ్వపు తలనొప్పి వచ్చేవారు వాడరాదు. వారికి పక్షవాతపు భయం. మన ఇళ్లలో "దానికది మామూలే" అని ఈ తలనొప్పిని ఎవరూ లెక్కచేయరు. డాక్టరు అడుగకపోయినా మనమే చెప్పాలి.

ఇదివరలో కాలిలో గాని ఊపిరితిత్తుల్లో గాని రక్తపు గడ్డ కట్టినవారు, గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారు, రొమ్ము కేన్సరు ఉన్నవారు, పచ్చకామెర్లు తగ్గనివారు, కాలేయపు జబ్బు ముదిరినవారు, మధుమేహం వల్ల కళ్లు, మూత్రపిండాలు చెడినవారు వాడరాదు. పెద్ద ఆపరేషను జరిగి మంచం పట్టవలసినవారు ముందే డాక్టరుకు చెప్పి మానాలి.

పాలిచ్చే తల్లులు ప్రసవమైన ఆరు వారాల లోపున అసలు వాడరాదు. ఆరు నెలల వరకు ఇతర పద్ధతులే మేలు.

క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛలకు ఇచ్చే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ వంటి మందులు ఈ మాత్ర శక్తిని తగ్గిస్తాయి. ఇంట్లో మాత్ర సంగతి దాచినట్లు క్షయ మందిచ్చే డాక్టరు దగ్గర కూడా దాచితే, రెండింటికీ చెడుతుంది.

వాడే పద్ధతి

బహిష్టు మొదలైన అయిదు రోజుల లోపున ప్రారంభిస్తే వెంటనే రక్షణ ఉంటుంది. ఆ తరువాత అయితే గర్భం లేదని నిశ్చయించుకొని మొదలుపెట్టి, ఏడు రోజులు నిరోధ్ వంటి మరొక ఉపాయం కూడా పాటించాలి. రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. రాత్రి భోజనమై గిన్నెలు కడిగిన తరువాత అని పెట్టుకొంటే మరపు రాదు.

ఒక మాత్ర మరచిపోతే జ్ఞాపకం వచ్చిన వెంటనే వేసుకొని, ఆనాటిది మామూలు వేళకు వేసుకోవాలి. రెండు, అంతకు మించి మరచిపోతే ఆఖరున మరచినది ఒకటి వేసుకొని మిగిలినవి యథాప్రకారం సాగించాలి. ఏడు రోజులు మరొక ఉపాయం తప్పదు. మూడవ వారంలో ఇలా జరిగితే ఇనుము మాత్రలు విడిచి, వెంటనే క్రొత్త అట్ట ఎత్తుకోవాలి. మొదటి వారంలో జరిగితే డాక్టరును అడగడం మంచిది. మాత్ర వేసుకొన్న మూడు గంటల లోపున వాంతి అయితే మరొకటి వేసుకోవాలి.

తప్పకుండా వాడితే ఏడాదిలో వెయ్యిమందిలో ముగ్గురికి మాత్రమే గర్భం వస్తుంది. మరపులు, ఆలస్యాలు కలిసిన మామూలు వాడకంలో నూటికి ఏడుగురికి వస్తుంది. ఈ తేడా అంతా మన జ్ఞాపకశక్తిది. మరొక మాట: ఈ మాత్ర సుఖవ్యాధులనుంచి, ఎయిడ్స్ నుంచి కాపాడదు.

మొదటి రెండు మూడు నెలలు వికారం, రొమ్ముల నొప్పి, మధ్య మధ్య కొద్దిగా రక్తపు మరకలు కనిపించవచ్చు. సాధారణంగా అవే సర్దుకొంటాయి. అయితే ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, గుండెలో పొడిచినట్లుండి ఊపిరి ఆడకపోయినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, మాట తడబడినా, కడుపులో భరించలేని నొప్పి వచ్చినా మాత్ర ఆపి ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి. సోంపు నమిలి, అమృతాంజనం రాసుకొని పడుకొనే జబ్బులు కావివి.

అపోహలు, కలగాపులగాలు

మాత్ర వాడితే ఇక పిల్లలు పుట్టరని ఒక భయం. అది నిజం కాదు. మానిన కొద్ది నెలలకే మామూలు స్థితి వస్తుంది. కేన్సరు సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. వాడుతున్నంత కాలం రొమ్ము కేన్సరు ప్రమాదం స్వల్పంగా పెరుగుతుంది, మానిన తరువాత క్రమంగా తగ్గి పదేళ్లలో పోతుంది. అయిదేళ్లు దాటి వాడితే గర్భాశయ ముఖద్వారపు కేన్సరు కూడా కొంచెం పెరుగుతుంది. కాని అండాశయ కేన్సరు, గర్భాశయపు లోపలి పొర కేన్సరు తగ్గుతాయి. ఆ మేలు మాత్ర మానిన తరువాత కూడా చాలా ఏళ్లు నిలుస్తుంది.

అన్ని మాత్రలూ ఒకటి కావు. "ఛాయా" అన్నది హార్మోను మాత్ర కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైనది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆపైన వారానికొకసారి వేసుకొనేది. వ్రతాలకు, పెళ్లిళ్లకు బహిష్టు వాయిదా వేయడానికి కొనే మాత్ర వేరు, అది గర్భం ఆపడానికి కాదు. ప్రమాదవశాత్తు కలయిక జరిగిన 72 గంటల లోపున వేసుకొనే అత్యవసర మాత్ర వేరు, అది రోజూ వాడేది కాదు. గర్భస్రావపు మాత్రలు పూర్తిగా వేరు. వాటిని దుకాణంలో తెచ్చుకొని స్వయంగా వేసుకోవడం ప్రాణాపాయం.

చివరికి మా వదినకు డాక్టరమ్మ కాపర్-టి, ఛాయా వంటివి వివరించి, ఏది కావాలో ఆమెనే అడగమన్నది. ఈసారి నేను ప్రతి మాటా రెండు విధాలుగా చెప్పి, ఆమెకు తెలిసినదో లేదో తిరిగి చెప్పించుకొన్నాను. వదిన కాపర్-టి వేయించుకొన్నది. ఇప్పటికీ బాగున్నది. చుట్ట మాత్రం పూర్తిగా మానలేదు. అంగిట్లో పుండ్లు పడతాయని చెప్పగా చెప్పగా రోజుకు రెండింటికి దిగినది.

పొరుగు భాషల నడుమ బ్రతికే మన కుటుంబాలలో ఇటువంటి పని ఎవరికో ఒకరికి పడుతూనే ఉంటుంది. బెంగుళూరులో కన్నడం వచ్చిన కొడుకో, షోలాపూరులో మరాఠీ వచ్చిన కోడలో, మద్రాసులో అరవం వచ్చిన మనవరాలో ఆసుపత్రిలో ఇంటి ఆడవారి నోరై నిలబడవలసి వస్తుంది. అలా నిలబడేవారికి నా మనవి ఒక్కటే. పదానికి పదం పెట్టి ఊరుకోవద్దు. "చుట్టగాని, అడ్డపొగగాని ఉన్నదా? తలనొప్పికి ముందు వెలుగులు కనిపిస్తాయా? పిల్లకు పాలిస్తున్నావా? వేరే మందులేమైనా వాడుతున్నావా?" అని ఇంట్లో మాట్లాడే మాటల్లో అడగండి. వీలైతే ఆ వేళకు మగవాళ్లం బయట నిలబడి, చెప్పగలిగిన ఆడమనిషిని లోపలికి పంపుదాం. మా వదిన నాతో అనలేని మాటలు ఇంకెన్ని ఉన్నాయో నాకేమి తెలుసును?